గడప విభాగం

ఇంట్లో ఫోను తీగ చెడిపోతే బాగుచేయవలసింది ఎవరు అన్న ప్రశ్న మీద దూరశ్రవణ మండలి వారు చాలాకాలం బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఒక ఇంట్లో ఎలక తీగ కొరికేది. ఇంకో ఇంట్లో ఆ తీగ మీద తడి చీరలు ఆరేసేవారు. మరొకచోట అల్లుడుగారు దేవుడి పటం తగిలించే ఉత్సాహంలో మేకును సరిగ్గా తీగ మీదే దిగ్గొట్టారు. అన్నిటికీ లైన్‌మనే పరుగెత్తాలి. కాఫీ ఇచ్చిన ఇంట్లో అతనికి ఆలస్యమయ్యేది, ఇవ్వని ఇంట్లో అసలు పని అయ్యేది కాదు. చివరికి పై అధికారులు ఒక కొండమీది విడిదిలో చలికోట్లు వేసుకుని సమావేశమై, జీడిపప్పు ఉప్మా తిని, ఈ చిక్కుకు శాశ్వత పరిష్కారం కనిపెట్టారు. గడపకు అవతలి తీగ మండలిది. గడపకు ఇవతలి తీగ చందాదారుడిది. ఎవరి తీగ వారే చూసుకోవాలి. ఒకరి తీగ ఇంకొకరు ముట్టుకుంటే నేరం.

నిబంధన చదివినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవలసిందే. ప్రతి ఇంటికీ గడప ఉంటుంది, ప్రతి గడపకూ లోపలా బయటా ఉంటాయి. లోపలికీ బయటికీ మధ్య గడప అనేది ఒక చెక్క అని, దానికి జానెడు వెడల్పు ఉంటుందని మాత్రం కొండమీద ఎవరికీ తట్టలేదు. చలిలో అన్నీ తట్టవు. ఆ సంగతి బయటపెట్టే భాగ్యం మేడపేటలో సన్నాయి సోమలింగానికి దక్కింది.

సోమలింగం ఆ చుట్టుపక్కల పేరున్న సన్నాయి విద్వాంసుడు. ఏళ్ళ తరబడి వరసలో నిలబడి, ఉన్న జుట్టు నెరిసిపోయాక, ఫోను సంపాదించాడు. పెళ్ళిళ్ళవాళ్ళు మేళం కావాలంటే ఊళ్ళోకి వచ్చి వెతుక్కోకుండా ఆ ఫోనుకే చెప్పేవారు. ఫోను పెట్టించిన రోజున, కొత్తగా సున్నం వేయించిన గోడకు కన్నం పెట్టనిచ్చేది లేదని ఆయన భార్య అచ్చాయమ్మ అడ్డం పడింది. అప్పటి లైన్‌మను మంచివాడు కాబట్టి గడప చెక్క అడుగున సన్నటి గాడి తీసి, తీగను అందులోంచి లోపలికి పంపించాడు. అచ్చాయమ్మ సంతోషించింది. సంతోషించి, ప్రతి శుక్రవారం చేసే పని మానకుండా చేసింది. చెంబుతో నీళ్ళు పోసి గడప కడిగి, దిట్టంగా పసుపు పట్టించి, కుంకుమ బొట్లు పెట్టేది. నీళ్ళు చెక్క సందుల్లోంచి గాడిలోకి దిగేవి. లక్ష్మీదేవి ఎన్నిసార్లు లోపలికి వచ్చిందో తెలియదు గాని, ఫోను మాత్రం ఆ ఏడు పుష్యమాసంలో ఒక శుక్రవారం మధ్యాహ్నం గుటుక్కుమంది.

మామూలు రోజుల్లో అయితే సోమలింగం పట్టించుకునేవాడు కాదు. పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు, ఫోను మోగినా ఒకటే, మోగకపోయినా ఒకటే. కాని ఆ సంవత్సరం ఆయన ఒక ఫోను కోసం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూచున్నాడు.

ముక్కోటిపాడు వేణుగోపాలస్వామి కల్యాణంలో ఒకప్పుడు సోమలింగం తండ్రి సన్నాయి వాయించేవాడు. సోమలింగం ఆయన పక్కన కూచుని శ్రుతి పట్టేవాడు. అమ్మవారి మెడలో సూత్రం పడే వేళకు తండ్రి కల్యాణి రాగం ఎత్తుకుంటే, మండపంలో చంటిపిల్లలు కూడా ఏడుపు మానేవారని చెప్పుకునేవారు. తండ్రి పోయాక గుడి కమిటీ వారికి నాగరికత అబ్బింది. పట్నం నుంచి ఎర్రకోట్ల బ్యాండు వచ్చింది. స్వామివారు అప్పట్నించీ సినిమా పాటల మీదే పెళ్ళి చేసుకుంటున్నారు. కొత్తగా వచ్చిన ధర్మకర్త పెద్దిరాజుగారు చిన్నతనంలో ఆ కల్యాణి విన్న మనిషి. ఆ మధ్య ఒక పెళ్ళిలో సోమలింగాన్ని పక్కకు పిలిచాడు.

"కమిటీ వాళ్ళని ఎలాగో ఒప్పించి రథసప్తమి లోపల నీకు ఫోను చేస్తాను, సోమలింగం. కమిటీ అంతా నా ఎదురుగానే ఉంటారు. నువ్వు ఆ నిమిషానే ఔననాలి. నువ్వు దొరకలేదా, బ్యాండువాళ్ళు కాచుకుని కూచున్నారు. ఇంక నా చేతిలో ఏమీ ఉండదు."

బస్సెక్కి ముక్కోటిపాడు వెళ్ళి తనే అడగవచ్చు కదా అంటే, అది కుదరదు. దేవుడి మేళానికి పిలుపు రావాలి గాని అడుక్కుని వెళ్ళకూడదని తండ్రి పెట్టిన కట్టుబాటు. ఆయన జన్మలో ఏ గుడి మెట్టూ ఎక్కి నాకీ అవకాశం ఇవ్వండి అనలేదు. సోమలింగమూ అనడు. అంటే వాయించేటప్పుడు ఊపిరి నిలవదని ఆయన నమ్మకం. కాబట్టి ఫోను రావాలి, ఆ ఫోను పనిచెయ్యాలి, అంతే.

లైన్‌మను ఏసోబు సోమవారం వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో ఒక పాత రిసీవరు. బయట అరుగు మీద తీగ కొస పట్టుకుని రిసీవరు తగిలించి చూశాడు. ఎక్స్ఛేంజి పలికింది. తర్వాత సోమలింగం చేత లోపలి తీగ కొస పట్టించి, వాకిట్లోంచి చూస్తూ పరీక్ష చేయించాడు. లోపలి తీగ కూడా దివ్యంగా ఉంది.

"అవతల బాగుందండి, ఇవతల బాగుందండి. పోయింది మజ్జనండి. గడపలో కుళ్ళిపోయిందండి," అన్నాడు ఏసోబు.

"అయితే కొత్త ముక్క వేసెయ్, నాయనా."

ఏసోబు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "బయటుంటే నేనేద్దునండి. లోపలుంటే మీరేసుకుందురు. ఇది గడపలో ఉంది కదండి. నేను ముట్టుకుంటే మీ తీగ ముట్టుకున్నానంటారు. మీరు ముట్టుకుంటే మా తీగ ముట్టుకున్నారంటారు. పిల్లలు గలోణ్ణండి."

"పోనీ కిటికీలోంచి వేరే తీగ లాగు."

"కిటికీలోంచి లాగితే అది కొత్త కనెక్షనండి. కొత్త కనెక్షనంటే మళ్ళీ వరసలో ఉండాలండి. క్రితం మాటు ఎన్నేళ్ళు పట్టింది తమకి?"

సోమలింగం తన నెరిసిన జుట్టు తడుముకున్నాడు. పోనీ గడపే ఊడదీయించి కొత్త గడప వేయిద్దామంటే, శూన్యమాసంలో గడప కదిలించడమేమిటని అచ్చాయమ్మ ఇంతెత్తున లేచింది. ఏసోబు ఆవిడ ఇచ్చిన కాఫీ బయటే నిలబడి తాగి, సంగతి పైకి రాస్తానని చెప్పి వెళ్ళాడు.

పైవాడంటే అసిస్టెంటు ఇంజనీరు అన్నాజీరావుగారు. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసి నిలబెట్టినట్టుండే మనిషి. నిబంధనలంటే ఆయనకు ఆకలిదప్పులు గుర్తుండవు. ఆయన టేపు పట్టుకుని వచ్చి, వాకిట్లో చెప్పులు విడిచి, గడపను పొడుగూ వెడల్పూ మందమూ కొలిచి, దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆయనకు ఇటువంటి సమస్య ఎదురుకాలేదు.

"సోమలింగంగారూ, తమరు ఒక్కసారి ఈ గడపపై నిలువవలెను," అన్నాడు.

"గడప తొక్కకూడదండీ!" అని లోపల్నించి కేక పెట్టింది అచ్చాయమ్మ.

"పరిశీలనార్థమమ్మా," అన్నాడాయన. సోమలింగం ఫోను కోసం దేనికైనా సిద్ధంగా ఉన్నాడు కాబట్టి ఎక్కి నిలబడ్డాడు. "ఇప్పుడు తమరు గృహములో ఉన్నట్లా, వెలుపల ఉన్నట్లా?"

"గడప మీదున్నానండి."

"అది సమాధానము కాదు."

"వాన పడితే వీపు తడుస్తుందండి, బొజ్జ తడవదండి," అన్నాడు సోమలింగం, తనకు తోచినంతలో.

అన్నాజీరావుగారు అది రాసుకున్నాడు. తర్వాత అచ్చాయమ్మను పిలిచి, చేటలో బియ్యం పొరుగావిడకు బదులు ఇవ్వవలసి వస్తే ఎక్కడ నిలబడి ఇస్తుందో చెప్పమన్నాడు.

"అయితే ఆవిడ లోపలికి రావాలండి, లేదంటే నేనే బయటికెళ్ళి ఇత్తాను. మజ్జన గడపెట్టుకుని ఇచ్చి పుచ్చుకోడాలు ఎక్కడైనా ఉంటాయేంటండి? మీ ఇంట్లో చేత్తారా?"

అన్నాజీరావుగారి ముఖం వెలిగిపోయింది. "మా ఇంట చేయరు. ఎవరింటా చేయరు. అనగా గడప వద్ద ఇచ్చిపుచ్చుకొనుట ఆచారము చేత నిషిద్ధము. మరమ్మతు అనగా నేమి? మండలి సేవ ఇచ్చుట, చందాదారుడు పుచ్చుకొనుట. కనుక గడపయందు మరమ్మతు అసాధ్యము. అమ్మా, మీరు గొప్ప సాయము చేసితిరి."

తను చేసిన సాయమేమిటో అచ్చాయమ్మకు అర్థం కాలేదు. సోమలింగానికి మాత్రం అర్థమైంది. ఇంజనీరుగారు చెప్పులు వేసుకుని, పెళ్ళికి వెళ్తున్నవాడిలా గబగబా వెళ్ళిపోయాడు.

ఆ నివేదిక పైకి వెళ్ళింది, ఇంకా పైకి వెళ్ళింది, కొండెక్కింది. సాధారణంగా అంత పైకి వెళ్ళిన కాగితం కిందికి రాదు. ఇది వచ్చింది. గడప అనేది లోపలా కాదు, బయటా కాదు; అది స్వతంత్రమైన మధ్యస్థ మండలము అని పైవారు తేల్చారు. స్వతంత్ర మండలానికి స్వతంత్ర విభాగం ఉండాలి. విభాగానికి అధికారి ఉండాలి. ఆ అధికారి తన పరిధిలోనే కూర్చోవాలి. ప్రయోగాత్మకంగా మొదటి గడప విభాగాన్ని మేడపేటలో, లోపం బయటపడిన గడప మీదే నెలకొల్పాలి. గడపాధికారిగా అన్నాజీరావుగారిని నియమించడమైనది.

ఇంతలో మాఘం వచ్చేసింది. గడప మార్పించుకుంటానని సోమలింగం వడ్రంగిని పిలిచాడు. గడప ఇప్పుడు ప్రభుత్వ కార్యాలయ స్థలం, దాని మీద ఉలి పెడితే జైలు అన్నాడు ఏసోబు. వడ్రంగి ఉలి సంచీలో పెట్టుకుని, తనకు ఆ వీధి సంగతే తెలియనట్టు వెళ్ళిపోయాడు.

బల్ల చేయించడమే కష్టమైంది. గడప జానెడు, అన్నాజీరావుగారు జానెడున్నర. లోపలికి మించితే ఇంట్లో చొరబడ్డట్టు, బయటికి మించితే పాత విభాగంలోకి వెళ్ళిపోయినట్టు. చివరికి గడప వెంబడి పొడుగ్గా ఒక బల్ల వేశారు. గడపాధికారి ఒక ద్వారబంధానికి వీపు ఆనించి, ఎదురు ద్వారబంధాన్ని చూస్తూ, మోకాళ్ళు ముడుచుకుని, మోచేతులు ఒంటికి అంటించుకుని కూర్చునేవాడు. దస్త్రాలు ఒళ్ళో పెట్టుకునేవాడు. తుమ్మవలసి వస్తే ఎదురుగా తుమ్మేవాడు. పక్కకు తుమ్మడానికి ఆయనకు అధికారం లేదు.

"గడప మీద కూచోకూడదండీ, దరిద్రం," అని అచ్చాయమ్మ బతిమాలింది.

"నేను కూర్చొనుట లేదమ్మా. విధి నిర్వహించుచున్నాను."

ఇంటిల్లిపాదీ దొడ్డిగుమ్మంలోంచి తిరగడం మొదలుపెట్టారు. పాలవాడు కూడా దొడ్డిదారినే వచ్చేవాడు. అన్నాజీరావుగారి మీద సోమలింగానికి కోపం రాలేదనుకునేరు. వచ్చింది. కాని కోపం చూపిస్తే ఈ మహానుభావుడు పంతానికి పోయి ఫోను సంగతి మరిచిపోతాడేమోనని భయం. భయపడేవాడు మర్యాదగా ఉంటాడు. మర్యాదగా ఉన్నవాడి పని ఆఖరున చూస్తారు.

కార్యాలయమన్నాక ఫోను ఉండాలి కదా. ఏసోబు స్తంభం మీంచి వచ్చిన తీగనే గడప బయటి అంచున తీసుకుని, బల్ల మీద కొత్త ఫోను బిగించాడు. తీగ బయటిది కాబట్టి ఫోను నిక్షేపంలా పలికింది. ఆ తీగ మీద ఉన్న నంబరు సోమలింగానిది. నంబరు మార్చే అధికారం గడప విభాగానికి లేదు కాబట్టి అదే ఉంచారు.

అంటే సోమలింగానికి వచ్చే ఫోనులన్నీ ఇప్పుడు గడప మీద మోగుతాయి. ఆ సంగతి తెలిసి ఆయన ఎగిరి గంతేశాడు.

"అయ్యా, ముక్కోటిపాడు నుంచి ఫోను వత్తుందండి. ఒక్క మాట మాటాడనివ్వండి. ఔనంటే చాలండి."

"చందాదారుని చేయి గడప దాటి వచ్చి మండలి పరికరమును తాకుట నేరము," అన్నాడు అన్నాజీరావుగారు విచారంగా. ఆయన చెడ్డవాడు కాడు, నిజంగానే విచారించాడు.

"దొడ్డిదారిన చుట్టూ తిరిగి అరుగు మీదికొచ్చి మాటాడతానండి. అప్పుడు బయటివాణ్ణే కదండి?"

"బయటికి వచ్చినచో తమరు చందాదారులు కారు. చందాదారుడనగా గృహమునందున్నవాడు. వెలుపల నున్నవాడు ప్రజ. ప్రజ కార్యాలయపు ఫోను ముట్టరాదు."

"మరి నేను ఎక్కడ నిలబడితే మాటాడొచ్చండి?"

అన్నాజీరావుగారు చాలాసేపు ఆలోచించాడు. "గడపపై. కాని అచ్చట నేనున్నాను," అన్నాడు.

రథసప్తమి నాడు మంచి ముహూర్తం చూసి ప్రారంభోత్సవం పెట్టారు. గుమ్మానికి మామిడి తోరణాలు కట్టారు. వాకిట్లో షామియానా వేశారు. పై అధికారులు ఇద్దరు కారులో దిగారు. వారి వెనకాల ఒక లారీ వచ్చి ఆగింది. అందులోంచి ఎర్రకోట్లు తొడుక్కుని, బాకాలూ డ్రమ్ములూ పట్టుకుని బ్యాండువాళ్ళు దిగడం సోమలింగం కిటికీలోంచి చూశాడు. పట్నం బ్యాండు. ముక్కోటిపాడులో తన తండ్రి చోటు ఆక్రమించినవాళ్ళే.

"ఇదేంటండీ, మా గుమ్మంలోకి బ్యాండు ఎందుకండీ?" అని అడిగాడు.

"ప్రభుత్వ కార్యక్రమమునకు మంగళవాద్యము ఉండవలెనని ఉత్తరువు," అన్నాడు అన్నాజీరావుగారు గడప మీంచి. "ఈ ఊరి సన్నాయి విద్వాంసునికే ఇవ్వవలెనని పైవారు ఎంతో ముచ్చటపడినారు. ఈ ఫోను బిగించక పూర్వము వారము పొడుగునా ఆయన ఇంటికి ఫోను చేసిరట. చందాదారుడు ఎత్తలేదట. విధిలేక బ్యాండును పిలిచిరి."

సోమలింగం కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

బ్యాండువాళ్ళు ఊరు దద్దరిల్లేలా వాయించారు. పై అధికారుల్లో పెద్దాయన రిబ్బను కత్తిరించి, గడప మానవజాతికి ఎంత సేవ చేసిందో, ఇన్ని వేల ఏళ్ళుగా దాన్ని ఎవరూ ఎందుకు గుర్తించలేదో గంటసేపు మాట్లాడాడు. దేశంలో ప్రతి గడప మీదా ఒక అధికారి కూర్చునే రోజు రావాలని ఆకాంక్షించాడు. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండువాళ్ళు సోడాలు తాగడానికి షామియానా నీడకు వెళ్ళారు. అప్పుడు గడప మీద ఫోను మోగింది.

అన్నాజీరావుగారు కాలరు సర్దుకుని రిసీవరు ఎత్తాడు. వచ్చిన ప్రతి ఫోనునూ పుస్తకంలో ఎక్కించాలి కాబట్టి, విన్న ముక్క విన్నట్టు పైకి చదువుకుంటూ రాసుకోవడం ఆయన పద్ధతి.

"గడప విభాగము... ఎవరు? ముక్కోటిపాడు... పెద్దిరాజుగారు... ధర్మకర్త... సోమలింగమును పిలువమనిరి." ఆయన రాయడం ఆపి తల అడ్డంగా ఊపాడు. "వీలుపడదండీ. సోమలింగమను చందాదారుడు లోపల ఉన్నారు. లోపల మా పరిధి కాదు."

సోమలింగం ఒక్క ఊపున గడప దగ్గరికి వచ్చిపడ్డాడు. "నేనిక్కడే ఉన్నానండీ! బాబూ, పెద్దిరాజుగారూ! ఔనండీ, ఔను!"

ఆయన చెయ్యి చాచాడు. అన్నాజీరావుగారు రిసీవరును మరో చెవికి మార్చుకున్నాడు. ఆ పెనుగులాటలో ఎవరి మాట ఎవరికి వినబడిందో తెలియదు. ఇంజనీరుగారు మాత్రం ఒక చేత్తో సోమలింగాన్ని వారిస్తూ, రెండో చేత్తో రాసుకుంటూ, పైకి చదువుతూనే ఉన్నాడు.

"ఎవరో అరచుచున్నారు, స్పష్టముగా లేదు అనిరి... కమిటీవారు లేచి వెళ్ళుచున్నారు అనిరి... మనిషి దొరకని పక్షమున బ్యాండునే ఖాయము చేయుదుము అనిరి."

సోమలింగం జీవితంలో ఒక్కటే కోరుకున్నాడు. తండ్రి కూచున్న చోట కూచుని, తండ్రి వాయించిన వేళకు వాయించాలని కోరుకున్నాడు. అది జానెడు దూరంలో నిలబడి పిలుస్తోంది, మధ్యన ఒక పెద్దమనిషి మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఏడుపు వచ్చింది. కోపమూ వచ్చింది. ఆ రెండూ కలిసి వచ్చినప్పుడు మాటకు పనికిరావని ఆయనకు తెలుసు. గిర్రున తిరిగి లోపలికి పోయి, దేవుడి గూటి పక్కన ఉన్న సన్నాయి అందుకుని, వచ్చి గడపకు ఇవతలే నిలబడి, కల్యాణి ఎత్తుకున్నాడు.

శ్రుతి పట్టేవాడు లేడు, డోలు లేదు. మొదటి స్వరం కొంచెం వణికింది. రెండోదానికి నిలబడింది. ఆ పైన షామియానా కింద సోడా గ్లాసులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. బ్యాండు మేస్త్రీ తల మీది టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అచ్చాయమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో ముఖం కప్పుకుంది.

అన్నాజీరావుగారికి ఏం చేయాలో తోచలేదు. సన్నాయి గడప దాటలేదు, చెయ్యి దాటలేదు, మనిషి దాటలేదు. దాటింది శబ్దం ఒక్కటే. శబ్దం గురించి నిబంధనలో ఏమీ లేదు. పైవారి ముఖాల్లోకి చూశాడు, వాళ్ళు ఇంకో పక్కకు చూశారు. ఫోను అవతలివాడు పెట్టకముందే పెట్టెయ్యడం మర్యాద కాదు కాబట్టి, రిసీవరును చేత్తో అలా పట్టుకునే ఉండిపోయాడు. సన్నాయి ఆగాక చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఆ... ఆ... గడప విభాగమేనండీ... మీరు విన్నది లోపలి శబ్దము... చెప్పుటకు మాకు అధికారము లేదండీ, రాసుకొనగలము." కలం అందుకుని, పైకి చదువుతూ రాశాడు. "కమిటీవారు వెళ్ళుచున్నవారు ఆగిరి... ఒకాయన మరల కూర్చొనెను... మాఘ పూర్ణిమకు మేళముతో రావలెను... ఒప్పుకొన్నచో ఈ క్షణమే ఔననవలెను."

సోమలింగం నోరు తెరిచి, మూసి, సన్నాయి పెదవులకు ఆనించి, మంగళం వాయించేటప్పటి ముగింపు ఒక్కటి విసిరాడు. రిసీవరులోంచి పెద్దిరాజుగారి నవ్వు వాకిట్లోవాళ్ళకు కూడా వినిపించింది.

అన్నాజీరావుగారు ఫోను పెట్టేసి, కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ఆ కళ్ళల్లో, టేపుతో గడప కొలిచిన రోజున వచ్చిన వెలుగే మళ్ళీ వచ్చింది.

"అయ్యా, చందాదారుని గృహాంతర్భాగమున పుట్టిన శబ్దము గడపను దాటి, మా తీగ వెంట ముక్కోటిపాడు వరకు నిరాటంకముగా చేరినది," అని పై అధికారుల వైపు తిరిగి ప్రకటించాడు. "అవతలి వారి మాట ఇవతలికి చేరినది. ఇరుపక్షములకు ఒప్పందము కూడ కుదిరినది. అనగా ఈ ఇంటి ఫోను సంతృప్తికరముగా పనిచేయుచున్నది. లోపము లేదు. లోపము లేనిచో ఫిర్యాదు లేదు. ఫిర్యాదు లేనిచో..."

"గడప విభాగము ధ్యేయమును సాధించినది," అని పెద్దాయన పూర్తిచేశాడు. ప్రారంభమైన రోజునే ధ్యేయం సాధించిన కార్యాలయం మండలి చరిత్రలో అదే మొదటిది. అప్పటికప్పుడు బ్యాండువాళ్ళను పిలిచి మళ్ళీ వాయించమన్నారు. బ్యాండు మేస్త్రీ తన గొంతు బాగాలేదన్నాడు. బాకాకి గొంతుతో పనేమిటని ఎవరూ అడగలేదు.

ఏసోబు బల్ల మీది ఫోను విప్పి సంచీలో వేసుకున్నాడు. అన్నాజీరావుగారు లేవలేకపోతే ఇద్దరు పట్టుకుని లేపారు. మోకాళ్ళు కొంతసేపటిదాకా సాగలేదు. ఆయన ఒక కాగితం సోమలింగం ముందు పెట్టాడు. నా ఫోను నాకు తృప్తిగా పనిచేస్తున్నది, నాకు ఏ విధమైన ఇబ్బందియు లేదు అని అందులో ఉంది.

"సంతకం పెట్టకండి," అని అచ్చాయమ్మ చెవిలో గొణిగింది. "పెడితే ఇంక ఆ తీగ జన్మలో ఎవరూ చూడరు."

"పెట్టకపోతే ఈయన మళ్ళీ కూచుంటాడే," అన్నాడు సోమలింగం. ఆవిడ గడప వంకా, అన్నాజీరావుగారి మోకాళ్ళ వంకా చూసి, తనే కలం అందించింది. సోమలింగం సంతకం పెట్టి, ఎన్నాళ్ళకో గడప దాటి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కాగితం చూసి పెద్దాయన ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. సహకరించే చందాదారులు ఇలా ఉంటే మండలికి అసాధ్యమేదీ లేదన్నాడు.

మాఘ పూర్ణిమనాడు ముక్కోటిపాడు మండపంలో, తండ్రి కూచున్న స్తంభం దగ్గరే, సోమలింగం కూచున్నాడు. సూత్రం కట్టే వేళకు కల్యాణి ఎత్తుకున్నాడు. చంటిపిల్లలు ఏడుపు మానారో లేదో ఆయన చూడలేదు, కళ్ళు మూసుకునే ఉన్నాడు. అంతా అయ్యాక పెద్దిరాజుగారు తాంబూలం చేతిలో పెట్టి, కమిటీ అందరూ వింటుండగా అన్నాడు.

"వచ్చే ఏడు కూడా నువ్వే, సోమలింగం. రథసప్తమికి ఫోను చేస్తాను."

సోమలింగం ఆ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"ఫోను మాత్రం చెయ్యకండి బాబూ. మీకు పుణ్యముంటుంది. ఎవరినైనా మనిషిని పంపండి."